పెట్ట కునుకుతుంటే ముందేం చూడాలి

కోడి తన జబ్బును దాచుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియకే పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు చాలామంది ఆలస్యంగా మేలుకుంటారు. గద్దకూ పిల్లికీ ముంగిసకూ ఆహారమయ్యే జీవి అది. నీరసంగా కనబడితే దాని ప్రాణానికి గండం. పైగా ఓపిక తగ్గినదాన్ని తోటి కోళ్లే పొడిచి మేత దగ్గర్నుంచి తరిమేస్తాయి. అందుకని ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ మామూలుగానే తిరుగుతుంది, మేత చల్లగానే అందరితో పాటు వస్తుంది, ముక్కు ఆడించి తిన్నట్టే కనిపిస్తుంది. ఇక దాచుకోలేని రోజున ఈకలు ఉబ్బించి, తోక వాల్చి, ఓ మూలన కళ్లు మూసుకుని కునుకుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదా" అంటాం మనం. నిన్న కూడా బాగాలేదు. మన కంటికి ఆనలేదంతే.

అందుకే ఈ అధ్యాయంలో జబ్బుల పట్టిక ఇవ్వడం లేదు. చూడటం ఎలాగో చెబుతాను. ఏ మందు వేయాలన్న ప్రశ్న దాని తర్వాతే వస్తుంది, చాలాసార్లు రాకుండానే పోతుంది.

మా దూలపల్లి వైపు కోళ్లు పెంచేవాళ్లకు ఈ చూపు మరీ అవసరం. ఒక పక్క అటవీ అకాడమీ, దాన్ని ఆనుకుని రిజర్వు అడవి. ఇంకో పక్క కొంపల్లి ఫంక్షన్ హాళ్లు. జీడిమెట్ల దిక్కున ఫ్యాక్టరీలు, గోదాములు. వీటి నడుమ కొత్తగా లేస్తున్న ఇళ్లు, ఇంకా ఎవరూ కట్టుకోని ఖాళీ ప్లాట్లు. పాత ఇళ్లలో అమ్మమ్మల కాలం నాటి గూళ్లు ఇంకా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల సరదాకో, ఇంటి గుడ్డు తిందామనో నాలుగు పెట్టలను తెచ్చుకుంటున్నారు. ఇక్కడి కోడి ఒకే పూటలో అడవి అంచున పురుగులు ఏరుకుంటుంది, స్లాబు పోసిన చోట తీగ ముక్కలు మింగుతుంది, ప్లాటులో పారబోసిన పెళ్లి అన్నం తింటుంది. పూర్తిగా పల్లెలో తిరిగే కోడికి లేని ప్రమాదాలు దీనికి ఉన్నాయి. ఫారం కోడికి రాని రోగాలూ దీనికి వస్తాయి.

ఒక్కటేనా, అన్నీనా?

కునికే కోడిని చూడగానే "ఏం రోగం తగిలింది?" అనుకుంటాం. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. రోగం పేరు ఖాయంగా తెలియాలంటే చాలాసార్లు చనిపోయిన కోడిని కోసి చూడాలి, నమూనాలు ప్రయోగశాలకు పంపాలి. రాణిఖేత్‌కైనా కలరాకైనా బర్డ్ ఫ్లూకైనా మొదటిరోజు కోడి దాదాపు ఒకేలా కునుకుతుంది. పెరట్లో నిలబడి మీరు తేల్చుకోగలిగినవి వేరే ఉన్నాయి. ఒక్కదానికేనా, రెండు మూడింటికి ఉందా? పిల్లలకా, ఎదిగినవాటికా? పొద్దున్నే ఉన్నట్టుండి వచ్చిందా, కొన్ని వారాలుగా చిక్కిపోతూ వస్తోందా? ఈమధ్య బయటి కోడి ఏదైనా మీ గూట్లోకి వచ్చిందా?

వీటిలో మొదటి ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. ఒక్క పెట్ట నీరసించి, మిగతావి మట్టి గీరుకుంటూ హుషారుగా తిరుగుతుంటే కారణం చాలావరకు ఆ ఒక్కదాని ఒంట్లోనే ఉంటుంది. గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు, మేత సంచి మూసుకుపోయి ఉండొచ్చు, దెబ్బ తగిలి ఉండొచ్చు, అరికాలు పుండు పడి ఉండొచ్చు. నిదానంగా వెతకడానికి మీకు వ్యవధి ఉంది. అయితే అంటురోగం కూడా మొదట ఒక్కదానితోనే మొదలవుతుంది కాబట్టి, వెతికే ముందు దాన్ని వేరే గంప కింద కమ్మేయడం తప్పనిసరి. దాని నీళ్ల గిన్నె వేరు, మేత గిన్నె వేరు. బాగున్నవాటికి ముందు మేత వేసి, జబ్బుదాని దగ్గరకు చివర్న వెళ్లాలి.

ఒకటి రెండు రోజుల్లో రెండోదీ మూడోదీ తల వాలిస్తే అది అంటురోగం గానీ, విషం గానీ, ఎండ దెబ్బ గానీ అయి ఉండాలి. అప్పుడు మీరు వెతుకుతూ కూర్చోవద్దు. పశువైద్యుడికి ఫోన్ చేయండి.

బయటి కోడి సంగతి చాలామంది మర్చిపోతారు. బోనాలకో దసరాకో అంగట్లో కొన్న కోడిని కోసేదాకా మన గూటి పక్కనే కట్టేస్తాం. అంగట్లో పది ఊళ్ల కోళ్లు కాళ్లు కట్టేసి ఒకేచోట పడి ఉంటాయి. వాటిలో ఒకటి రోగం మోసుకొచ్చినా చాలు. పండుగ దాటిన వారం పదిరోజుల్లో మన కోళ్లు కునకడం మొదలుపెడితే ముందు గుర్తు చేసుకోవాల్సింది ఆ పండుగ కోడినే. పెంచుకోవడానికి తెచ్చినదాన్నైతే మూడు వారాలు దూరంగా ఉంచాకే మిగతావాటిలో కలపాలి.

చేతిలోకి తీసుకునే ముందు

మీరు దగ్గరకు వెళ్తే కోడి సర్దుకుని నిలబడుతుంది. అందుకని ముందు దూరంగా, అది మిమ్మల్ని పట్టించుకోనంత దూరంలో నిలబడి చూడండి. గుప్పెడు నూకలు చల్లండి. ఏది పరుగెత్తి వచ్చింది, ఏది వెనకబడింది, వచ్చి కూడా నిజంగా మింగుతున్నది ఏది, ఉత్తినే పొడుస్తున్నది ఏది అన్నది ఆ కొద్ది నిమిషాల్లో బయటపడుతుంది.

తర్వాత నెత్తి మీది జుట్టు చూడండి. గుడ్లు పెడుతున్న పెట్టకు అది నిండుగా, ఎర్రగా ఉంటుంది. ముడుచుకుని చిన్నబోయిందంటే గుడ్లు ఆపిందన్నమాట. పాలిపోయిందంటే రక్తం తగ్గుతోంది: లోపల ఏలికపాములు, లేదా బయట రక్తం తాగే పేలు. నీలంగా, ఊదాగా మారిందంటే ఊపిరి అందడం లేదు, ఆలస్యం చేయకూడదు. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక కిందికీ పైకీ ఊగుతున్నా, నోరు తెరిచి మెడ చాస్తున్నా అదే అర్థం. కంటి మూల నురగ, ముక్కు కారడం, ముఖం ఒక వైపు ఉబ్బడం ఇవన్నీ శ్వాస జబ్బుల గుర్తులు. వానాకాలంలో, చలి మొదట్లో గూడు తేమగా, గాలి ఆడకుండా ఉన్నప్పుడు ఇవి ఎక్కువ.

నడక కూడా చెబుతుంది. కొద్ది నెలల వయసు కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతే మారెక్స్ అనే జబ్బని అనుమానించాలి. దానికి టీకా హ్యాచరీలో మొదటిరోజే వేయాలి. తర్వాత మనం చేయగలిగింది లేదు. అందుకే పిల్లలను కొనేటప్పుడే ఆ టీకా వేశారా అని అడగండి.

మెడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మెడ మెలితిరిగి, తల వెనక్కో పక్కకో వంకర పోతే రాణిఖేత్ గుర్తొస్తుంది. మెడ మెలితిరగకుండా బలం లేక నేలకు వాలిపోతే, కాళ్లు రెక్కలు కూడా పట్టు తప్పితే, అది కుళ్లిన తిండిలోనో చచ్చిన జంతువు మీది పురుగుల్లోనో ఉన్న విషం కావచ్చు. ఫంక్షన్ హాళ్ల మిగులు తిండి రోజుల తరబడి ప్లాట్లలో కుళ్లే చోట ఈ రెండో రకాన్ని మర్చిపోకూడదు. అదే తిండిలో ఉప్పు కూడా ఎక్కువ. పచ్చళ్లు, అప్పడాలు, బిర్యానీ అడుగు తిన్న కోడి అదేపనిగా నీళ్లు తాగుతూ నీళ్లలాగే రెట్ట వేస్తుంది.

ఎండాకాలంలో మరో లెక్క. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడే 41 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమూ, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకోవడమూ తప్ప వేడి పోగొట్టుకునే పెద్ద దారి లేదు. మే నెల మధ్యాహ్నం అన్ని కోళ్లూ అలా రొప్పుతుంటే అది రోగం కాదు, నీడ చాలడం లేదని చెప్పడం. తడి గోనె కట్టండి, చల్లని నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. రొప్పీ రొప్పీ ఒకటి కూలబడితే కాళ్లు చల్లని నీటిలో ముంచి ఇంట్లోకి తేవాలి. అలా రొప్పే రోజుల్లో గుడ్డు పెంకు పల్చబడుతుంది. అది కూడా ఎండ పనే.

దీపాలు పెట్టే వేళ

కోడిని పట్టి చూడటానికి సరైన సమయం చీకటి పడ్డాక. గూట్లో కూర్చున్నదాన్ని రెండు చేతులతో రెక్కలు ఒత్తిపట్టి ఎత్తుకుంటే కొట్టుకోదు. ఒళ్లో పెట్టుకుని ఫోన్ లైటు వేసి, ముక్కు నుంచి మొదలుపెట్టి పాదాల దాకా ఒకే వరుసలో చూడండి. ఎప్పుడూ అదే వరుస. వరుస మారితే ఏదో ఒకటి వదిలేస్తాం.

నోరు తెరిచి లోపల చూడండి. పసుపుపచ్చని పొరలు అతుక్కుని ఉంటే కోళ్ల మశూచి లోపలి రకం కావచ్చు. జుట్టు మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులుంటే అదే జబ్బు పైరకం. దోమలు కూడా దీన్ని మోసుకొస్తాయి కనుక గూటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూడాలి. తర్వాత మెడ కింద, రొమ్ముకు కుడివైపు చేయి పెడితే మేత సంచి తగులుతుంది. దాని సంగతి కాసేపట్లో. ఇంకా కిందికి వస్తే రొమ్ము మధ్య ఎముక. దానికి రెండు పక్కలా కండ నిండుగా ఉండాలి. ఎముక అంచు వేలికి కోసుకున్నట్టు తగిలితే ఈ కోడి ఈరోజు జబ్బు పడలేదు, ఎన్నో వారాలుగా చిక్కిపోతోంది. ఈకలు దట్టంగా ఉండటం వల్ల ఇది కంటితో అసలు తెలియదు. చేత్తో తాకాలి. వంటింటి తూకం మీద నెలకోసారి కూర్చోబెట్టి బరువు రాసుకుంటే ఇంకా మంచిది.

కడుపు మెత్తగా ఉండాలి. నీళ్లు నిండినట్టు ఊగుతూ వేలాడితే గుడ్డు తిత్తికి సంబంధించిన పెద్ద సమస్య ఉండే అవకాశం ఎక్కువ. తోక కింద ఈకలు పాయలు తీసి మొదళ్లు చూడండి. తెల్లగా గడ్డకట్టినట్టు ఉంటే అవి పేల గుడ్లు. కోడి మీద ఏమీ కనబడకపోయినా గూడు చూడటం మరవద్దు. ఎర్రని సన్న పేలు కొన్ని పగలంతా చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి మాత్రమే రక్తం తాగుతాయి. రాత్రిపూట గూటి కర్ర కింద తెల్ల కాగితంతో గట్టిగా రుద్దండి. కాగితం మీద ఎర్రని చారలు పడితే మీ పెట్ట పాలిపోవడానికి కారణం దొరికినట్టే. చివర్న అరికాళ్లు. మధ్యలో నల్లటి పెచ్చుతో వాపు ఉంటే అది పుండు. కాళ్ల మీది పొలుసులు లేచి మందంగా అయితే వాటి కింద కంటికి కనిపించని పురుగులు కాపురం చేస్తున్నాయి.

ఇక మేత సంచి. రాత్రి అది నిండుగా ఉండాలి, తెల్లవారి మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. రాత్రి ఖాళీగా ఉంటే కోడి తినడం లేదు. తెల్లవారి కూడా నిండుగా ఉంటే తిన్నది దిగడం లేదు. ఇంత సులువైన పరీక్ష ఇంకొకటి లేదు. అయినా చాలామంది ఎప్పుడూ చేయి పెట్టి చూసి ఉండరు.

మా వీధి చివరింటి పెద్దమ్మ ఓ పొద్దున పెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. "మూడొద్దులాయె బిడ్డా, మేత ముడ్తలేదు. గత్తర తగిలిందో ఏమో. ఏమన్న మందుంటె ఇయ్యి."

"తక్కిన కోళ్లు ఎట్లున్నయి పెద్దమ్మా?"

"అవి మంచిగనే తిరుగుతున్నయి."

"ఇయ్యాల పొద్దుగాల ఏమన్న తిన్నదా?"

"లేదు బిడ్డా. రాత్రి కూడ ఏం తినలే."

రాత్రి నుంచి ఏమీ తినని కోడి మేత సంచి ఖాళీగా ఉండాలి. చేయి పెడితే క్రికెట్ బంతిలా గట్టిగా తగిలింది. పెద్దమ్మ చేయి తీసుకుని అక్కడే పెట్టించాను. "ఇదేంది, రాయి లెక్క ఉన్నది!" అని తనే ఉలిక్కిపడింది. వాళ్ల ఇంటి పక్క ప్లాటులో స్లాబు పని నడుస్తోంది. పశువైద్యుడు సంచి కోసి, సిమెంటు బస్తాల నుంచి ఊడిన ప్లాస్టిక్ దారం ఎండుగడ్డితో కలిసి ఉండగట్టినదాన్ని బయటకు లాగాడు. గత్తర మందు ఎంత పోసినా ఆ ఉండ కరిగేది కాదు. కొన్ని రోజులు జావ మీద ఉంచితే పెట్ట కోలుకుంది. పెద్దమ్మ ఇప్పుడు పొద్దున్నే గూడు తెరిచేటప్పుడు ఒక్కోదాని మెడ కింద తడిమి వదులుతుంది.

ఇళ్లు కడుతున్న చోట్ల కోళ్లకు థర్మాకోల్ అంటే మహా ఇష్టం. మేకులు, బైండింగ్ తీగ ముక్కలు మింగితే అవి కందనకాయలో చేరి గుచ్చుకుంటాయి. పక్క ప్లాటులో పని జరుగుతున్నన్నాళ్లు కోళ్లను వలకంచె లోపలే ఉంచడం మంచిది.

గుడ్డు, రెట్ట

గుడ్డు తయారవడానికి ఒక రోజు, కొంచెం పైన పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతుంది. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది చాలకపోతే పెట్ట తన ఎముకల నుంచి తీసి పెడుతుంది. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి ఆగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా పెరట్లో నూటికి పైగా గుడ్లు పెడుతుంది. అదే సంస్థ తెచ్చిన గ్రామప్రియ 160 కూడా దాటుతుంది. ఇవి మంచి కోళ్లు, మన పెరళ్లకు సరిపోయేవి. కాని అన్ని గుడ్లు పెట్టే ఒంటికి నూకలు, తవుడు మాత్రమే వేస్తే చాలదు. చిన్న గిన్నెలో ఆల్చిప్పల పొడి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. కావలసినంత అవే తింటాయి.

పెట్ట మాటిమాటికీ గూట్లోకి వెళ్లి వస్తూ, తోక దించి నిటారుగా నిలబడుతూ, ముక్కుతున్నట్టు కనిపిస్తే గుడ్డు ఇరుక్కుని ఉండవచ్చు. కడుపు కింది భాగాన్ని గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు ఉంచి, ఒళ్లు తుడిచి ఆరబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదిలేయండి. చాలాసార్లు గుడ్డు వస్తుంది. కడుపు నొక్కి బయటకు తేవాలని మాత్రం చూడకండి. లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. రోజు గడిచినా రాకపోతే వైద్యుడి పని.

రెట్ట చూసి భయపడేవాళ్లలో సగం మంది అనవసరంగా భయపడతారు. మామూలు రెట్ట గోధుమ రంగులో ఉండి పైన తెల్లటి టోపీ ఉంటుంది. ఆ తెలుపు కోడి మూత్రమే. రోజులో కొన్నిసార్లు మాత్రం జిగటగా, ముదురు గోధుమ రంగులో, గట్టి వాసనతో వస్తుంది. అది పేగు చివరి సంచుల నుంచి వచ్చేది, ఆరోగ్యానికే గుర్తు. తిండి మానేసిన కోడి రెట్ట ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం పైత్యరసానిది. అంటే పచ్చరెట్ట కనబడితే రోగమేదని కాదు, ఎన్నాళ్లుగా తినడం లేదని అడగాలి. వెంటనే కదలాల్సింది రక్తం చూసినప్పుడు. వానలు పడుతున్నప్పుడు, నెల నుంచి రెండు నెలల వయసు పిల్లలు ముడుచుకుని రక్తం రెట్ట వేస్తుంటే అది రక్తపారుడు. దానికి నీళ్లలో కలిపే మందు ఉంది. మొదటిరోజే ఇస్తే పిల్లలు బతుకుతాయి, ఆలస్యమైతే చేతికందవు. కింద పరిచిన ఊక తడిగా ఉండటమే దీనికి మూలం. మందు ఇస్తూ ఊక మార్చకపోతే మళ్లీ వస్తుంది.

జబ్బు కానివి కూడా రెండు ఉన్నాయి. పగటి పొద్దు తగ్గే రోజుల్లో పెట్టలు ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. గుడ్లు ఆగిపోతాయి, కోడి దిగులుగా, అందవిహీనంగా కనిపిస్తుంది, తాకనివ్వదు. పప్పు నూకలు, ఉడికించిన గుడ్డు లాంటి బలమైన మేత వేసి వదిలేయండి. ఇక నాటు పెట్ట పొదుగుకు కూర్చుంటే మేత మానేసి, ఈకలు ఉబ్బించి, గంటల తరబడి కదలదు. దగ్గరకు వెళ్తే గుర్రుమంటుంది. జబ్బు కోడి గుర్రుమనదు. ఆ ఒక్క తేడా చాలు.

గత్తర

ఊరి కోళ్లన్నీ వారంలో ఊడ్చుకుపోయే రోగాన్ని గత్తర అంటూ మన పెద్దవాళ్లు చెప్పేది ఎక్కువగా రాణిఖేత్ గురించే. కొందరు కొక్కెర తెగులు అంటారు. 1926లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ దీన్ని గుర్తించారు. ఆ మరుసటేడాది కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడి మన దేశంలో ఆ పేరే స్థిరపడింది. అదే కుమావూలోని ముక్తేశ్వర్‌లో 1940ల్లో తయారైన టీకా మూలాన్నే నేటికీ ఎదిగే కోళ్లకు వేస్తున్నారు. రోగం వచ్చాక దీనికి మందు లేదు. ముందు కునుకు, తర్వాత పచ్చగా తెల్లగా పారుడు, గురక, మెడ వంకర, కాళ్లు పడిపోవడం. బతికినదానికి కూడా కొన్నిసార్లు మెడ వంకర అలాగే ఉండిపోతుంది.

బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2015 ఏప్రిల్‌లో మన హయత్‌నగర్ దగ్గరి తొర్రూరు ఫారాల్లోనూ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు పెద్దఎత్తున చనిపోయాయి. ఉన్నట్టుండి ఒకదాని వెంట ఒకటి చచ్చిపోతుంటే, తల ఉబ్బి జుట్టు నల్లబడుతుంటే, చేతులతో తాకకండి. పిల్లలను దగ్గరకు రానీయకండి. ఎంత నీరసంగా ఉన్నా "ఎలాగూ పోయేదే, కోసుకుందాం" అనుకోవద్దు. ఇది నేను ప్రాధేయపడి చెబుతున్న మాట. జబ్బు కోడిని కోసేటప్పుడూ ఈకలు పీకేటప్పుడూ మనిషికి సోకే అవకాశం ఎక్కువ. నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో పరీక్షించి తేలుస్తారు. మీరు చేయాల్సింది పశువైద్యశాలకు తెలియజేయడం. చచ్చిన కోడిని ప్లాటులో విసిరేస్తే కుక్కలు ఊరంతా తిప్పుతాయి, అడవి పక్షులదాకా చేరుతుంది. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కారణం తెలుసుకోవాలంటే ముందు డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఆయన తెమ్మంటేనే సంచి మీద సంచి కట్టి, మంచు ముక్కల మధ్య పెట్టి తీసుకెళ్లాలి. ఫ్రీజరులో గడ్డకట్టించకూడదు.

చేతిలో ఉన్న మాత్ర

కునికే కోడిని చూస్తే మనసు ఊరుకోదు. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. అలమారలో మిగిలిన యాంటీబయాటిక్ గొట్టం విప్పి నీళ్లలో కలుపుతాం. ఆముదమో నెయ్యో గొంతులో పోస్తాం. ప్రేమతోనే చేస్తాం, కాని దీనివల్ల పోయిన కోళ్లు చాలా ఉన్నాయి. కోడి నాలుక వెనకే ఊపిరిగొట్టం నోరు తెరిచి ఉంటుంది. గొంతులో పోసిన నూనె అందులోకి దిగితే ఊపిరితిత్తులు పాడవుతాయి. నీళ్లైనా పోయకూడదు, ముక్కు పక్కన చుక్కలుగా అద్దితే తనే చప్పరిస్తుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, గుడ్డులో మాత్రం చేరుతుంది, ఆ గుడ్డు మీ పిల్లలు తింటారు. మనుషుల చివరి ఆసరా మందుల్లో ఒకటైన కోలిస్టిన్‌ను కోళ్లకూ పశువులకూ వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది కూడా అలాంటి వాడకం వల్ల ఆ మందు మనుషులకు పనిచేయకుండా పోతుందనే.

మొదటిరోజు మీరు నిర్భయంగా చేయగలిగినవి ఇవి. వేరుచేయండి. వెచ్చగా ఉంచండి. ఈకలు ఉబ్బించుకున్న కోడికి చలిగా ఉందని అర్థం. మన వైపు డిసెంబరు రాత్రి చలికి గంప మీద గోనె కప్పి, పక్కన ఒక బల్బు వెలిగిస్తే చాలా తేడా. నీళ్లలో కొద్దిగా బెల్లం, చిటికెడు ఉప్పు. ఉడికించిన గుడ్డు నలిపి, మెత్తని అన్నంతో. మేత సంచి గట్టిగా ఉంటే అది కూడా వద్దు, నీళ్లు మాత్రమే. రెండో రోజుకు తేరుకోకపోతే, రాసుకున్నవి చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి: ఎప్పటినుంచి, ఎన్నింటికి, రెట్ట ఏ రంగు, చివరి గుడ్డు ఎప్పుడు, బరువు ఎంత. "కోడి డల్‌గా ఉంది సార్" అన్న మాట కంటే ఆ కాగితం ఆయనకు ఎంతో ఉపయోగం. వంటింటి గోడ మీది క్యాలెండరులో రోజూ గుడ్ల లెక్క వేసే అలవాటుంటే ఆ కాగితం సగం ముందే రాసి ఉన్నట్టు.

చివరగా టీకా. రాణిఖేత్‌కు పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, రెండు నెలల ప్రాయంలో రెక్క కింద ఇంజెక్షను. మశూచి టీకా కూడా ఆ ప్రాయంలోనే. తర్వాత ఎప్పుడు మళ్లీ వేయాలో మీ పశువైద్యుడు చెబుతారు. ఇబ్బంది ఎక్కడంటే, టీకా సీసాలు ఫారాల లెక్కలో వస్తాయి. ఒక్కో సీసాలో వందకు తక్కువ డోసులు దొరకడం కష్టం. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా మంచులోనే ఉంచాలి. ఐదారు కోళ్లున్న ఇల్లు ఒంటరిగా ఆ సీసా కొనదు. కొనదు కాబట్టే వీధంతా టీకా లేకుండా ఉండిపోతుంది. ఈ ఆదివారం మీ వీధిలో కోళ్లున్న ఇళ్లు ఎన్నో, మొత్తం కోళ్లు ఎన్నో లెక్కపెట్టి చూడండి. పాత ఇళ్లవాళ్లను, కొత్త విల్లాలవాళ్లను కలిపి ఒక తేదీ అనుకోండి. మీకు దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలలో చెప్పండి, లేదా సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఒక సీసా, ఒక ఐస్ డబ్బా, ఒక పొద్దుటి పూట చాలు. రాత్రి గూట్లో మూసిన కోళ్లను వదలకముందే వేస్తే ఒక్కటీ తప్పించుకోదు.